మదీనత్ ఖలీఫాలో యుద్ధం ముగిసిన రోజు

ఉదయం ఏడింటికి లస్మయ్య యుద్ధంలోకి దిగాడు. అంతకుముందే చెత్తసంచి వీధి డబ్బాలో పడేశాడు, తను చూసుకునే థాయి ముసలాయన బాబా పళ్ళసెట్టు కడిగి గ్లాసు నీళ్ళలో వేశాడు, రాత్రి తడిసిన దుప్పటిని మిషన్‌లో తిప్పాడు. ఇవాళ్టి రహస్య సందేశం మలబద్ధకం మందు అట్టపెట్టె వెనకాల రాసి ఉంది. బాబా దాన్ని ఎనిమిది మడతలు పెట్టి దిండు కింద దాచాడు. ఇప్పుడు బయటికి తీసి, గది నాలుగు మూలలూ చూసి, లస్మయ్య పిడికిట్లో కుక్కాడు.

"ఛాంగ్," అన్నాడు గుసగుసగా. "వెరీ డేంజర్. యల్లా, గో."

ఛాంగ్ అంటే థాయి భాషలో ఏనుగు. అది ఉద్యమం లస్మయ్యకు ఇచ్చిన మారుపేరు. లస్మయ్య బరువు నలభై ఎనిమిది కిలోలు. ఏసీ గట్టిగా వేస్తే కర్టెన్‌తో పాటు ఊగుతాడని కంపెనీ కూలీల క్యాంపులో చెప్పుకుంటారు. శత్రువుకు అనుమానం రాకుండా ఉండాలంటే ఇంతకంటే మంచి పేరు దొరకదు.

అతను కాగితాన్ని టోపీ లోపలి అంచులో దోపుకుని వంటింటి గుమ్మం గుండా బయటికి వచ్చాడు. అరవై ఏళ్ళు. ఎడమ మోకాలు మెట్టు మెట్టుకీ టక్కుమంటుంది. పదిహేనేళ్ళు సిమెంటులో నానిన వేళ్ళు, గోళ్ళ చుట్టూ పగిలి మళ్ళీ అతుక్కున్న చర్మం. మీసానికి మాత్రం వారం వారం రంగు వేస్తాడు. ఎందుకని అడిగితే, సైన్యంలో ఉన్నవాడు నీటుగా ఉండాలంటాడు.

ఇవాళ అతని వెనకాల తిరుమల్ కూడా ఉన్నాడు. తిరుమల్‌ది ఖానాపూర్ దగ్గర పల్లె. నలభై ఏళ్ళు, ఆరడుగుల మనిషి. తొమ్మిదేళ్ళుగా బిల్డింగుల చుట్టూ ఇనప గొట్టాలు కట్టాడు. రేపటి నుంచి ఈ విల్లా డ్యూటీ అతనిది. లస్మయ్యకు అరవై నిండాయని కంపెనీ వీసా రెన్యువల్ చేయలేదు. రేపు పొద్దున విమానం. ఇరవై ఏడేళ్ళ ఖతర్‌కు ఇవాళ ఆఖరి డ్యూటీ.

"కాకా, గా కాగితంల ఏం రాసిండు?" అన్నాడు తిరుమల్.

"నాకేమెరుక. థాయిల రాస్తడు."

"మరి యాడికి తీస్కపోతున్నం?"

"అమెరికా రాయబారి కాడికి."

తిరుమల్ ఆగిపోయాడు. లస్మయ్య అతని చెయ్యి పట్టుకుని ఖర్జూరం చెట్టు చాటుకు లాగాడు. మేడ మీద కిటికీలోంచి బాబా చూస్తున్నాడు. రోడ్డు మీద ప్రమాదం ఎక్కువ. మదీనత్ ఖలీఫాలో ప్రతి గేటు ముందూ ఒక జపాన్ బండి నిలబడి ఉంటుంది, కొన్ని ఇళ్ళ ముందు మూడు. జపాన్ ఇంత పెద్ద ఎత్తున దోహాలో దిగిన సంగతి ఏ పత్రికా ఇంతవరకూ రాయలేదు. ప్రతి బండి దగ్గరా వంగి, చూసి, రెండడుగులు పరిగెత్తి మళ్ళీ నక్కాలి. రెండు నిమిషాల దారి లస్మయ్యకు పావుగంట పడుతుంది, మోకాలితో కలిపి.

"ఇగో తమ్మీ, మంచిగ ఇను, మళ్ళ చెప్ప," అన్నాడు రెండో చెట్టు చాటున ఆయాసం తీర్చుకుంటూ. "ఎనుకట పెద్ద లడాయి అయింది గద. అప్పుడు ఈళ్ళ దేశంల జపానోడు దిగిండు. ఈళ్ళ సర్కారు వానితోని చేతులు కలిపి, ఇంగ్లీషోని మీద, అమెరికావోని మీద లడాయి అన్నది. గని జనం ఒప్పుకోలె. చాటుకు చాటుకు ఒక జట్టు కట్టిండ్రు. 'మా సర్కారు అటు ఉన్నది గని మేం లేం' అని బయటి దేశాలకు చెప్పాలె. చెప్పనీకి మనుషులను చైనా దాంక తోలిండ్రు. గండ్ల మన బాబా నాయిన ఒకడు."

"ఏమయ్యిండు?"

"పోయిండు."

"పోయిండంటె సచ్చిండా?"

"పోయిండన్న. అచ్చిండని చెప్పలె."

తిరుమల్ ఒక నిమిషం ఆలోచించాడు. "గిదంతా నాకెందుకు కాకా? నేను స్కాఫోల్డింగ్ మనిషిని."

"నిన్నటి దాంక. రేపట్నుంచి ఫౌజుల ఉన్నవ్. వంగు, బండి అస్తుంది."

గౌస్ మొహియుద్దీన్ నడిపే బకాలా బయటికి పాలు, పెరుగు, ఉల్లిగడ్డలు అమ్మే చిన్న దుకాణం. లోపల మూడేళ్ళుగా అది అమెరికా రాయబార కార్యాలయం. హైదరాబాద్ మనిషి, గడ్డానికి గోరింటాకు పెడతాడు. లస్మయ్య టోపీలోంచి కాగితం తీసి ఇచ్చాడు. గౌస్ దాన్ని కళ్ళకద్దుకుని, గల్లా కింద బిస్కెట్ల అట్టపెట్టెలో వేశాడు. అది మూడో పెట్టె. మొదటి రెండూ నిండిపోయి గోడౌన్‌లో ఉన్నాయి. తర్వాత ఒక తెల్లకాగితం ముక్క మీద దుకాణం రబ్బరు ముద్ర గుద్ది రసీదు ఇచ్చాడు. ఆ ముద్ర చూస్తేగాని బాబా నమ్మడు. నలభై ఏళ్ళు వాళ్ళ విదేశాంగ శాఖలో టపా సంచులకు లక్క ముద్రలు వేసిన మనిషి.

"వాషింగ్టన్‌కి పోయింది అని చెప్పు," అన్నాడు గౌస్. "ఔర్ ఒక కిలో టమాట కూడా తీస్కపో, మేడమ్ మెసేజ్ పెట్టింది. యే కౌన్, కొత్త సిపాయా?"

"రేపట్నుంచి ఈయనే అస్తడు."

గౌస్ తిరుమల్‌ను పై నుంచి కింది దాకా చూశాడు. "యాఅల్లా, ఈయన ఏ చెట్టు చాటుకి పడ్తడు?"

*

బాబాకు ఎనభై ఎనిమిదేళ్ళు. భార్య పోయాక కూతురు అరుణీ, లస్మయ్య వాళ్ళ మేడమ్, ఆయన్ని దోహా తెచ్చుకుంది. ఆమె ఇక్కడ ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది, ఆరింటికి వెళ్ళి నాలుగింటికి వస్తుంది. లస్మయ్య ఈ ఇంటికి వచ్చి ఆరేళ్ళు. మొదటి మూడేళ్ళు బాబా మామూలు మనిషే. సాయంత్రాలు కుర్చీ వేయించుకుని కబుర్లు చెప్పేవాడు. వాళ్ళిద్దరి భాష సగం ఇంగ్లీషు, పావు అరబ్బీ, మిగతాది చేతులు. అందులో వ్యాకరణం మాఫీ. అయినా ఆ భాషలోనే బాబా రెండో ప్రపంచ యుద్ధమంతా చెప్పాడు, లస్మయ్య కోరుట్ల అంతా చెప్పాడు.

తర్వాత ఆయన తలలోని క్యాలెండర్‌ను ఎవరో చించేశారు. ఒక్క సంవత్సరం మిగిలింది. 1943. అప్పుడాయనకు ఆరేళ్ళు. చైనాకు బయలుదేరిన రోజు తండ్రి మోకాళ్ళ మీద కూర్చుని చెప్పాడట: ఉత్తరం రాయడం కుదరదు, జపాన్ వాళ్ళు చదువుతారు. ఒక తెల్లదారం పంపిస్తాను. దానికి ఐదు ముళ్ళు ఉంటే యుద్ధం అయిపోయిందని గుర్తు. అన్నం తిని, బూట్లు వేసుకుని తయారుగా ఉండు, నేను వచ్చి తీసుకుపోతాను.

ఎనభై రెండేళ్ళు అయింది. దారం రాలేదు. మధ్యలో బాబా ఉద్యోగం చేశాడు, పెళ్ళి చేసుకున్నాడు, కూతుర్ని కన్నాడు, రిటైరయ్యాడు. ఇవన్నీ దారం వచ్చేలోపు పొద్దుపోవడానికి చేసిన పనుల్లాగా ఇప్పుడు ఆయనకు ఒక్కటీ గుర్తులేదు.

తొమ్మిదింటికి గంజి. లస్మయ్య గిన్నెను తిరుమల్‌కు ఇచ్చి తను తలుపు పక్కన నిలబడ్డాడు. తిరుమల్ మంచం అంచున కూర్చుని చెంచా ఎత్తాడు.

బాబా అతని మొహంలోకి చూశాడు. పెదవులు బిగించాడు.

"జపాన్," అన్నాడు పళ్ళసెట్టు సందులోంచి.

తిరుమల్ మీసాలు చెవుల దాకా ఉంటాయి. రంగు బొగ్గు. మెడలో వేములవాడ దారం. జపాన్‌కు ఇంతకంటే దూరంగా మనిషి పుట్టడం భూగోళం మీద సాధ్యం కాదు.

"నేను జపాన్ కాదు బాబా. ఖానాపూర్."

"స్పై."

"కాకా, నన్ను తిడుతుండు."

"తిట్టుడు కాదు తమ్మీ, దర్యాప్తు. ఇగో నా టోపీ పెట్టుకో."

టోపీ తిరుమల్ తలకు పట్టలేదు, నెత్తి మీద దోసెలాగా నిలబడింది. బాబా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. చెంచా మూడుసార్లు పెదవుల దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. గంజి చల్లారింది. చివరికి లస్మయ్యే వచ్చి గిన్నె తీసుకున్నాడు.

బాబా తల తిప్పాడు. రోజూ అడిగేదే అడిగాడు. "ఛాంగ్. ఫాదర్? థ్రెడ్?"

"బుక్రా, బాబా. టుమారో."

"బుక్రా," అని బాబా నోరు తెరిచాడు.

ఆ ఒక్క మాట మీద ఆయన రోజుకు మూడు పూటలు తింటాడు. వేరే ఎవరు చెప్పినా తినడు, కూతురు చెప్పినా తినడు. పోయినేడు లస్మయ్య లీవు మీద ఊరికి వెళ్తే, పన్నెండో రోజుకు ఆస్పత్రిలో ముక్కుకు పైపు పెట్టారు. మేడమ్ ఫోన్‌లో ఏడ్చింది. లస్మయ్య రెండు నెలల లీవును పదహారు రోజుల్లో ముగించుకుని వచ్చేశాడు. గంగాబాయి బస్టాండు దాకా వచ్చి, మొగుణ్ణి తీసుకుపోతున్న బస్సు వైపు కాకుండా ఎదుటి పాన్ డబ్బా వైపు చూస్తూ నిలబడింది.

ఇప్పుడిక లీవు కాదు. రేపు పోతే పోయినట్టే.

*

పదకొండింటికి భార్య ఫోన్ వచ్చింది. లస్మయ్య బాబా చొక్కాలు ఇస్త్రీ చేస్తూ, ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాడు.

"రేపే గద? నిజంగనేనా?" అంది గంగాబాయి. "పోయినపారి గిట్లనే రేపు రేపని నెల జేస్తివి."

"ఈపారి వాళ్ళే పొమ్మన్నరే."

"దుబాయోళ్ళకు ఇప్పటికి బుద్ధి అచ్చింది. ముప్పై ఏండ్లు ఉంచుకున్నరు, నీలో ఏం సూసిండ్రో. నాకైతే ఏం కనవళ్ళె."

"నువ్వు సూసిందెప్పుడే? నెల, రెన్నెల్లు."

"అదే అంటున్న. జల్ది రా, మంచిగ సూస్త." ఆమె నవ్వింది. తర్వాత గొంతు మారింది. "గా ముసలాయన తింటున్నడా?"

"నాతోని తింటుండు."

"రేపట్నుంచి?"

ఇస్త్రీపెట్టె చొక్కా కాలరు మీద ఆగింది. లస్మయ్య వెంటనే ఎత్తాడు. మరక పడలేదు.

"ఏదన్న జేసి రా," అంది ఆమె. "నోట్ల ముద్ద ఇడిసిపెట్టి రాకు. మనకు మంచిగుండదు."

లస్మయ్య ఫోన్ పెట్టేసి మిగిలిన మూడు చొక్కాలూ ఇస్త్రీ చేశాడు. అన్నీ బాబావే. తను రేపు వేసుకుపోయే చొక్కా సంచిలో ముడతలు పడి ఉంది.

తండ్రి కోసం చూడటం అతనికి కొత్త కాదు. లస్మయ్య తండ్రి మగ్గం మనిషి. కోరుట్లలో మగ్గాలు ఆగిపోయాక భివండి పోయాడు, మిల్లులో పనికి. మొదట ఉత్తరాలు వచ్చేవి, తర్వాత రాలేదు. అప్పుడు లస్మయ్యకు ఏడేళ్ళు. తల్లి రోజూ పదింటికి తల దువ్వుకుని గడప మీద కూర్చునేది. టపా మనిషి సైకిల్ దిగకుండానే "రేపొస్తది లచ్చమ్మా" అని పోయేవాడు. ఆమె లేచి పొయ్యి వెలిగించేది. అట్లా నాలుగేళ్ళు. తర్వాత ఆ టపా మనిషికి బదిలీ అయింది. కొత్తవాడు నిజాయితీపరుడు. మొదటి రోజే సైకిల్ దిగి, నీడకు నిలబడి, "ఇంకేం రాదమ్మా, మీరు ఆశ పెట్టుకోకండి" అని వివరంగా చెప్పాడు. మర్నాటి నుంచి ఆమె తల దువ్వుకోలేదు. చాలా ఏళ్ళే బతికింది, కానీ దువ్వెన ముట్టలేదు.

అందుకే లస్మయ్యకు "రేపు" విలువ తెలుసు. దారం ముక్క, ఐదు ముళ్ళు, ఎంత పని? ఈ మూడేళ్ళలో వెయ్యిసార్లు కట్టి ఇవ్వగలిగేవాడు. ఇవ్వలేదు. కానీ రేపు చెప్పడానికి రేపు తను ఉండడు. తిరుమల్ చెప్తే బాబా వినడు. పన్నెండో రోజున మళ్ళీ పైపు పెడతారు. ఈసారి పైపు తీయించడానికి ఏ ఏనుగూ వెనక్కి రాదు.

యుద్ధం ఆగిపోతే? గెలిచి ఆగిపోతే? అప్పుడిక సందేశాలు ఉండవు, గూఢచారులు ఉండరు, ఎవరు పెట్టినా బాబా తింటాడు. తల్లికి చెప్పింది చెడ్డ కబురు. ఇది మంచి కబురు. మంచి కబురు మనిషిని ఏం చేస్తుంది?

లస్మయ్య ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసేశాడు. ప్రపంచంలో పెద్ద పెద్ద దేశాలు కూర్చుని ఆరేళ్ళు తలలు బాదుకుని చేసిన పనిని ఒక పూటలో, అన్నం టైములోపు చేయాలని నిర్ణయించాడు.

*

"దారమా?" అన్నాడు గౌస్. "బటన్లు కుట్టేదా?"

"నూలుది. తెల్లది. నైలాను గిట్ల కాదు."

గౌస్ గోనెసంచి నోరు కుట్టిన దారం విప్పి ఇచ్చాడు. లస్మయ్య దాన్ని వెలుతురుకు పట్టి చూసి, వేళ్ళ మధ్య పురి నలిపి, పనికిరాదన్నట్టు పక్కన పెట్టాడు. గౌస్ లోపలికి పోయి అగర్బత్తుల కట్టకు చుట్టిన దారం తెచ్చాడు. అదీ కాదన్నాడు. చివరికి తన బనియన్ అంచు పళ్ళతో కొరికి, ఒక పోగు లాగి, రెండు పేటలు చేసి పేనాడు.

గౌస్‌కు అర్థమైంది. గల్లా మీద నుంచి ముందుకు వంగాడు.

"నక్కో లస్మయ్యా. ఇయ్యకు."

"ఎందుకు?"

"నువ్వే గదా నాకు చెప్పినవ్. అమెరికాలో వాళ్ళ రాయబారి. సర్కారు లడాయి కాగితం అమెరికాకి ఇయ్యమంటే ఇయ్యనన్నడు, జేబులో పెట్కున్నడు. ఇయ్యకపోవడంలోనే ఉంది మొత్తం కమాల్ అని బాబా అన్నడని నువ్వే చెప్పినవ్. ఇది కూడా జేబులో పెట్కో. పెట్కొని ఇంటికి పో."

"గాయన ఇయ్యంది లడాయి కాగితం. నేనిచ్చేది లడాయి అయిపోయిన కాగితం. ఒక్కటేనా?"

"కాగితం కాగితమే మియా. ఇచ్చేదాక నీ చేతిలో, ఇచ్చినంక వాళ్ళ చేతిలో."

"మరి రేపట్నుంచి ఆయన నోట్ల ముద్ద ఎవలు పెడ్తరు? నువ్వు పెడ్తవా? నువ్వు అమెరికావోనివి, నీకు దుకాణం ఉన్నది."

బయట మే నెల ఎండ రోడ్డును తెల్లగా కాల్చేస్తోంది. లస్మయ్య తల వంచి ముళ్ళు వేయడం మొదలుపెట్టాడు. మగ్గం మీద పోగు తెగినప్పుడు అతికే ముడి, చిన్నది, వేలికి కూడా తగలనంత సన్నది. తండ్రి దగ్గర నేర్చుకున్నది అదొక్కటే. యాభై ఏళ్ళుగా వేయకపోయినా బొటనవేలు దానంతట అదే తిరిగింది. ఒకటి, రెండు. మూడో ముడి దగ్గర పగిలిన గోరుకు పోగు చిక్కుకుంటే ఉమ్ముతో తడిపి లాగాడు. నాలుగు. ఐదు.

గౌస్ చూస్తూ చూస్తూ రబ్బరు ముద్ర తీశాడు. దేని మీద గుద్దాలో తెలియక మళ్ళీ పెట్టేశాడు.

*

మధ్యాహ్నం ఒకటీ పదికి మదీనత్ ఖలీఫాలో రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది.

లస్మయ్య ఈసారి చెట్ల చాటున రాలేదు. రోడ్డు మధ్యలో, జపాన్ బండ్ల ముందు నుంచి, తల ఎత్తుకుని నడిచి వచ్చాడు. కిటికీలోంచి అది చూసిన బాబా అప్పుడే మంచం మీద లేచి కూర్చున్నాడు. లస్మయ్య గదిలోకి వచ్చి అటెన్షన్‌లో నిలబడి, రెండు చేతులతో దారం అందించాడు.

బాబా దాన్ని తీసుకోలేదు. ముందు చూశాడు. తర్వాత చూపుడువేలితో మొదటి ముడిని ముట్టుకున్నాడు. నెంగ్. సోంగ్. సామ్. సీ. హా. మళ్ళీ మొదటి నుంచి. ఐదుసార్లు లెక్కపెట్టాడు. నోట్లోంచి థాయి మాటలు వచ్చాయి, ఆరేళ్ళ పిల్లవాడి గొంతుతో, గబగబా, ఒకదాని మీద ఒకటి పడుతూ. లస్మయ్యకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. తల మాత్రం ఊపుతూనే ఉన్నాడు. ఎవరో పిల్లవాడు ఎన్నాళ్ళ కబుర్లో దాచిపెట్టి ఒక్కసారి చెప్తుంటే ఎవరైనా అంతే చేస్తారు.

"వార్ ఫినిష్?" అన్నాడు బాబా చివరికి.

"ఖలాస్ బాబా. ఫినిష్. మనం గెలిచినం."

బాబా తన కుడి మణికట్టు చాపాడు. లస్మయ్య దారం కట్టాడు. ఆ మణికట్టు ఎంత సన్నగా ఉందంటే దారం రెండు చుట్లు వచ్చింది.

"అన్నం," అన్నాడు బాబా, తన భాషలో, చేత్తో నోటి వైపు చూపించి.

తిరుమల్ తెచ్చాడు. అన్నం, గుడ్డు పులుసు, మెత్తగా ఉడికిన ఆకుకూర. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు, దర్యాప్తుకు సిద్ధంగా. బాబా అతని వైపు చూసి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. యుద్ధం అయిపోయాక జపాన్‌తో పగ ఏముంది? తిరుమల్ పక్కన కూర్చున్నాడు. చెంచా ఎత్తాడు. బాబా నోరు తెరిచాడు.

లస్మయ్య తలుపు పట్టుకుని చూశాడు. ఒక చెంచా. రెండు. నాలుగు. తిరుమల్ అతని వైపు తిరిగి కళ్ళెగరేశాడు. "తింటుండు కాకా! నా చేతితోని తింటుండు!"

"గుడ్డు చిన్నగ చెయ్యి, తమ్మీ. గొంతుల పడ్తది." లస్మయ్య మీసం దువ్వుకున్నాడు. ఆ కాసేపు దౌత్యం అనే విద్యలో అతన్ని మించినవాడు రెండు సముద్రాల మధ్య లేడు. మనసులో విమానం కూడా ఎక్కేశాడు. గంగాబాయి పక్కన కూర్చుని, "ఇగో గిట్ల జేసిన" అని చెప్తున్నాడు కూడా.

సగం తిన్నాక బాబా చెయ్యి అడ్డం పెట్టాడు. చాలు. మిగిలిన అన్నాన్ని చూపిస్తూ, "ఫాదర్," అన్నాడు. "లాంగ్ వాక్. చైనా. వెరీ హంగ్రీ." తనే గిన్నె తీసుకుని, అన్నాన్ని చెంచాతో గుండ్రంగా సర్ది, కూర పక్కకు జరిపి, గుడ్డు సగాన్ని పైన పెట్టి, ఇంకో పళ్ళెం అడిగి దాని మీద బోర్లించాడు. గుమ్మం పక్కన ఉన్న స్టూలు మీద పెట్టించాడు, వచ్చేవాళ్ళకు ముందు అదే కనబడేట్టు.

తర్వాత చొక్కా మార్చమన్నాడు. పొద్దున ఇస్త్రీ చేసినది, కాలరు తెల్లగా ఉంది. తల దువ్వమన్నాడు. బూట్లు అడిగాడు. బూట్లు వేసి మూడేళ్ళయింది, పాదాలు వాచి ఉన్నాయి. లస్మయ్య నేల మీద కూర్చుని, నొప్పి పెట్టకుండా, ఒక్కొక్క వేలూ సర్ది ఎక్కించాడు. లేసులు కట్టాడు.

బాబా కుర్చీలో తలుపు వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద. స్టేషన్‌లో కూర్చోబెట్టి ఇప్పుడే వస్తానని చెప్పి వెళ్తే పిల్లలు కూర్చున్నట్టు. పావుగంటకు కళ్ళు మూతలు పడ్డాయి. లస్మయ్య, తిరుమల్ కలిసి మంచం మీద పడుకోబెట్టారు. బూట్లు విప్పబోతే కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

"ఫాదర్ కమ్, యూ వేక్ మీ," అన్నాడు.

"సరే బాబా."

"ప్రామిస్, ఛాంగ్."

"ప్రామిస్."

*

మూడున్నరకు మాత్రల టైము. లస్మయ్య గ్లాసులో నీళ్ళు తీసుకుని వెళ్ళాడు. బాబా పడుకున్నట్టే ఉన్నాడు, ఎడమ బూటు దుప్పటి బయటికి వచ్చి. లస్మయ్య ముందు ఆ బూటు మీదికి దుప్పటి లాగాడు. తర్వాత భుజం తట్టాడు. తర్వాత మణికట్టు పట్టుకున్నాడు.

గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టాడు. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

వంటింట్లోంచి తిరుమల్ గట్టిగా అడిగాడు. "కాకా, రాత్రికి ఏం వండాలె? గుడ్డు మంచిగ తిన్నడు గద, మళ్ళ గుడ్డేనా?"

లస్మయ్య దుప్పటి అంచు ఇంకోసారి సరిచేశాడు.

"మేడమ్‌కు ఫోన్ కొట్టు," అన్నాడు.

అంబులెన్స్ వాళ్ళు ఇద్దరు వచ్చారు, మెత్తని మనుషులు. చూశారు, రాసుకున్నారు. వయసు, అన్నారు. నిద్రలో, అన్నారు. పోలీసు అతను టోపీ తీసి చేతిలో పట్టుకుని, ఆఖరున ఏం తిన్నాడని అడిగాడు. తిరుమల్ చెప్పాడు, ఎన్ని చెంచాలో కూడా.

అరుణీ ల్యాబ్ కోటుతోనే వచ్చింది. తండ్రి పక్కన కూర్చుంది. బూట్లు చూసింది. తెల్ల కాలరు చూసింది. మణికట్టు ఎత్తి, వేలితో ముళ్ళు తడిమింది. ఒకటి నుంచి ఐదు దాకా. లస్మయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఇరవై ఏడేళ్ళలో ఎంతోమంది ఫోర్‌మెన్‌ల ముందు ఇట్లాగే నిలబడ్డాడు.

"ఎవరిచ్చారు, లస్మయ్యా?" అని అడిగింది ఇంగ్లీషులో.

"నేనే మేడమ్. రేపట్నుంచి ఎవరి చేతితోనన్న తింటడని…" చేతులు ముందుకు చాచాడు, తప్పు చేసిన చేతులు ఇవే అన్నట్టు. "తింటడని, మేడమ్."

ఆమె కోటు అంచుతో తండ్రి బూటు మీద దుమ్ము తుడిచింది.

"నా బీరువాలో ఒక దారం ఉంది," అంది. "ఐదు ముళ్ళూ వేసే పెట్టాను. రెండేళ్ళయింది. ఇస్తే ఆయన వెళ్ళిపోతాడని నాకు తెలుసు. అందుకే ఇవ్వలేకపోయాను." తండ్రి చేతిని తిరిగి దుప్పటి మీద పెట్టింది. "నేను ఇంకా ఎన్నాళ్ళు ఆయన్ని కూర్చోబెట్టేదాన్నో."

అది క్షమించడమో, నిందించడమో, రెండూ కాదో లస్మయ్యకు తెలియలేదు. తెలిసేంత భాష వాళ్ళిద్దరి మధ్య లేదు.

ఐదింటికి క్యాంపు బస్సు వీధి చివర హారన్ కొట్టింది. పాస్‌పోర్టూ టిక్కెట్టూ క్యాంపు ఆఫీసులో ఉన్నాయి, ఈ బస్సు తప్పిస్తే రేపటి విమానం తప్పుతుంది. లస్మయ్య సంచి భుజాన వేసుకుని గది గుమ్మం దాకా వచ్చాడు. మంచం వైపు చూసి చెయ్యి ఎత్తబోయాడు, సలాము చేయాలో నమస్కారం పెట్టాలో తేలక మళ్ళీ దించాడు. వంటింట్లో తిరుమల్ గిన్నెలన్నీ కడిగి బోర్లించాడు. ఇక ఈ ఇంట్లో అతనికి డ్యూటీ ఏమిటో ఎవరూ చెప్పలేదు, అందుకని ఇంకా ఏమైనా మిగిలిందేమో వెతుక్కుంటూ వచ్చాడు.

"కాకా," అన్నాడు మెల్లగా, గుమ్మం పక్కకు చూపిస్తూ. "ఇది గుడ కడుగాల్నా?"

బస్సు మళ్ళీ హారన్ కొట్టింది. లస్మయ్య వద్దని చెయ్యి ఊపి మెట్లు దిగాడు. మోకాలు మెట్టు మెట్టుకీ టక్కుమంది, తర్వాత గేటు చప్పుడైంది, తర్వాత అదీ లేదు. తిరుమల్ వంగి, పై పళ్ళేన్ని వేలితో కొంచెం ఎత్తి చూశాడు, మళ్ళీ ఉన్నది ఉన్నట్టు మూశాడు. స్టూలు మీద గిన్నెలో అన్నం గుండ్రంగానే ఉంది, సగం గుడ్డు పైనే ఉంది, బోర్లించిన పళ్ళెం లోపల ఆవిరి చుక్కలు ఇంకా ఆరలేదు.